దేహమందలి జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



చంటిబిడ్డకు పాలుపట్టి, భుజమున వేసికొని త్రేనుపు వచ్చువఱకు తట్టి, పిదప పొట్ట నిమురుచు "జీర్ణం జీర్ణం, వాతాపి జీర్ణం" అనుట తెలుగు తల్లులకు వాడుక. ఆ మాట వెనుకనున్న కథ మహాభారతము అరణ్యపర్వమందలిది. ఇల్వలుడను రాక్షసుడు తన తమ్ముడైన వాతాపిని పొట్టేలుగా మార్చి, వండి, అతిథులకు వడ్డించి, వారు భుజించిన పిమ్మట తమ్ముని పేరుపెట్టి పిలుచుచుండెను. వాతాపి వారి కడుపు చీల్చుకొని వెలికి వచ్చుచుండెను. అగస్త్య మహర్షి భుజించిన నాడు మాత్రము ఎంత పిలిచినను రాలేదు. అప్పటికే జీర్ణమైపోయెను.

ఈ కథలో వంటకు దోషము లేదు. అందఱు అతిథులును తిన్నది ఒకే మాంసము. తిన్నదానిని విరుగగొట్టు శక్తి యెవరి కడుపున ఉన్నది, ఎవరి కడుపున లేదు అనుటయందే భేదమంతయు కలదు. రసాయన శాస్త్రము ఇరువదవ శతాబ్దమున నేర్చుకొన్న యొక సత్యము దీనికి మిగుల సమీపమున నున్నది. తల్లిపాలే బిడ్డ మెదడును చెఱచిన సందర్భములు లోకమున కలవు. ఆ పాలలో కల్తీ లేదు. బిడ్డకు ఆకలి లేకపోలేదు. పాలలోని యొక పదార్థమును విరుగగొట్టుటకు బిడ్డ కాలేయమున ఒక పనివాడు లోపించెను. ఆ పనివాడెవరో, అతడు లేని సంగతిని లోకమెట్లు పసిగట్టెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు విషయము.

పాలు, పెరుగు, పప్పుదినుసులు, గ్రుడ్లు, మాంసము, వీనియందు మాంసకృత్తులు సమృద్ధిగా కలవు. బియ్యము, జొన్నలలోను కొంత కలదు. మాంసకృత్తు పూసలదండ వంటిది. ఆ పూసలకు అమైనో ఆమ్లములని పేరు. అవి సామాన్యముగా 20 రకములు. తెలుగువారు కొలది అక్షరములతోనే పదునెనిమిది పర్వముల భారతమును వ్రాసికొన్నట్లు, ప్రకృతి ఈ 20 పూసలతోనే చీమ కాలును, ఏనుగు తొండమును, మనుష్యుని గుండెను గ్రుచ్చినది. ప్రతి పూసయందును కర్బనము, ఉదజని, ఆమ్లజని, నత్రజని ఉండును. రెంటియందు గంధకము కూడ కలదు.

భోజనమైన పిదప కడుపులోను ప్రేగులలోను ఈ దండలు తెగి, పూసలు విడివడి రక్తములో చేరును. దేహము వానిలో తనకు కావలసినన్ని తీసికొని క్రొత్త దండలు గ్రుచ్చుకొనును. కండరము, చర్మము, వెండ్రుకలు, రక్తములోని యెఱ్ఱని పదార్థము అన్నియు అట్లు కట్టబడినవే. మిగిలినవాని గతి యేమి? క్రొవ్వును దాచుటకు దేహమున గాదె కలదు. చక్కెరను కొంత కాలేయము దాచును. అమైనో ఆమ్లములకు మాత్రము గాదె లేదు. ఏనాటి మిగులు ఆనాడే ఖర్చు వ్రాయవలసినదే. జమ వ్రాసి ఖర్చు పద్దు విడిచిన చిట్టా జమాబందీనాడు నిలువదని పల్లెవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ ఖర్చు వ్రాయుటలో మొదటి పని నత్రజనిని వేఱుచేయుట. వేఱైన నత్రజని అమ్మోనియా యగును. తెల్లవాఱుజామున పశువుల కొట్టము తలుపు తీసినపుడు ముక్కునకు తగులు ఘాటు దానిదే. అది మెదడునకు విషము. కావున కాలేయము దానిని వెంటనే యూరియాగా మార్చి మూత్రపిండములకు అప్పగించును. ఈ మార్పు ఏ వరుసలో జరుగునో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అను నిరువురు జర్మనీ దేశమున 1932 లో తెలియజేసిరి. పొలమునకు చల్లు యూరియాయు, మూత్రములో పోవు యూరియాయు రసాయనరీత్యా ఒక్కటే. కర్మాగారమున పుట్టినది వేఱు, కాలేయమున పుట్టినది వేఱు అను తలంపు 1828 లోనే ఫ్రెడరిక్ వోలర్ తన ప్రయోగశాలలో యూరియాను తయారుచేసిననాడు సడలినది. నత్రజని పోగా మిగిలిన కర్బనపు చట్రము మెల్లమెల్లగా దగ్ధమై బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారును. అంతటితో పద్దు చెల్లు.

అయితే ఇది ఒక్క దెబ్బతో జరుగు పని కాదు. అమైనో ఆమ్లములు విరుగు త్రోవలు పెక్కులు. ప్రతి త్రోవయందును అనేకములైన మెట్లు. ప్రతి మెట్టునకును ఎంజైము అను నొక పనివాడు కలడు. వాడు తన ముందుకు వచ్చిన పదార్థమున ఒక చిన్న మార్పు చేసి తరువాతి వాని చేతికిచ్చును. తన మెట్టు తప్ప వేఱొక మెట్టు వానికి తెలియదు. కచేరీలో దస్త్రము బల్లనుండి బల్లకు పోవునట్లే. నడుమ ఒక గుమాస్తా లేకపోయినచో అతని బల్లకు ముందు దస్త్రములు గుట్టపడును. అతని తరువాతి బల్లలు ఖాళీగా ఉండును. ఈ రెండు ఫలితములను జ్ఞాపకముంచుకొన్నచో తరువాతి కథ సుబోధమగును.

ఈ 20 పూసలలో ఒకదాని పేరు ఫినైల్ అలనీను. దేహము దీనిని తాను తయారుచేసికొనలేదు. తిండివలననే రావలెను. ఆఱు కర్బన పరమాణువులు చేతులు పట్టుకొని కోలాటమాడుచున్నట్లు ఒక వలయముగా కూడియుండి, ఆ వలయమునకు మూడు కర్బనములును నత్రజనియు గల తోక యుండుట దీని స్వరూపము. ఆ వలయము మిక్కిలి గట్టిది. దానిని విరుచుటకై దేహము పన్నిన ఉపాయము మెచ్చుకొనదగినది. మొదట వలయమునకు ఒక ఆమ్లజని పరమాణువును తగిలించును. అప్పుడది టైరోసీను అను మఱియొక అమైనో ఆమ్లమగును. పిదప నత్రజనిని తీసివేయును. ఆపైన హోమోజెంటిసిక్ ఆమ్లముగా మార్చును. అప్పటికి బలహీనమైన వలయమును త్రెంచును. త్రెగినది తుదకు ఫ్యూమరిక్ ఆమ్లము, అసిటో అసిటిక్ ఆమ్లము అను రెండు తునకలగును. ఆ రెండును సులభముగా దగ్ధమగును.

ఈ త్రోవలో ఒక మెట్టు తెగియుండవచ్చునని మొదట కనిపెట్టినవాడు లండను నగరపు వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్. కొందఱి మూత్రము గాలి తగిలి కొంతసేపు నిలిచినచో నల్లబడును. చంటిబిడ్డల గుడ్డలు నల్లబడుటచేత తల్లులు భయపడి తీసికొని వచ్చుచుండిరి. నల్లబడు పదార్థము పైన చెప్పిన హోమోజెంటిసిక్ ఆమ్లమే. దానిని విరుచు పనివాడు లేడు కనుక అది గుట్టపడి మూత్రములో పోవుచుండెను. గారడ్ 1902 లో ప్రకటించిన వ్యాసములో ఇంకొక సంగతిని గూడ వ్రాసెను. అట్టి బిడ్డల తల్లిదండ్రులలో పలువురు అన్నదమ్ముల, అక్కసెల్లెండ్ర సంతతివారగుటచేత ఒకరికొకరు రక్తసంబంధులై యుండిరి. ఈ మాట మేనరికముల దేశమువారు మఱవరానిది. దానిని గూర్చి ముందు చెప్పబడును. ఈ నల్లబడు వ్యాధి పసితనమున పెద్ద బాధ పెట్టదు. వయసు మీఱిన పిదప కీళ్లను పట్టును. కావున లోకము దానినొక వింతగా చూచి ఊరకుండెను. 1908 లో గారడ్ ఇట్టివి పుట్టుకతో వచ్చు దోషములని లండనునందు ఉపన్యాసములిచ్చెను. విన్నవారు కొలదిమంది.

ఇది జరిగిన పాతికేండ్లకు నార్వే దేశపు ఓస్లో నగరమున ఒక తల్లి తన యిద్దఱు బిడ్డలను తీసికొని వైద్యుల గడపలు త్రొక్కుచుండెను. పుట్టినప్పుడు ఇద్దఱును చూడముచ్చటగా నుండిరి. పెద్దది ఆడపిల్ల. ఆఱేండ్లు దాటినను దానికి వచ్చినవి కొలది మాటలే. తరువాతివాడు మగబిడ్డ. నాలుగేండ్లు నిండవచ్చుచున్నను నడువలేడు, మాటాడలేడు, తనంత తాను తినలేడు. తల్లి చెప్పినవారు చెప్పిన వైద్యమెల్ల చేయించెను. ఆమె ప్రతి వైద్యునియొద్దను రెండు ప్రశ్నలు వేసెను. నా బిడ్డలెందుకిట్లైరి? వారి యొంటినుండి వచ్చు ఆ వింతవాసన యేమి?

మొదటి ప్రశ్నకు బదులు చెప్పలేనివారు రెండవ ప్రశ్నను చెవిని పెట్టలేదు. తల్లికి మనసు చెదరి లేని వాసన తోచుచున్నదని అనుకొనియుందురు. బిడ్డను దినమునకు పదిమాఱులెత్తి, కడిగి, ముద్దాడి, గుడ్డలు మార్చు తల్లి ముక్కు ఎంతటి పరికరమో తెలిసిన వైద్యుడు అంత తేలికగా త్రోసివేయడు. మన ప్రాచీన వైద్యులును మూత్రమునకు చీమలు పట్టుటను బట్టి మధుమేహమును గుర్తించినవారే కదా. వాసనయు రుచియు శాస్త్రమునకు వెలియైనవని వారు తలపలేదు.

1934 లో ఆమె ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని కడకు వచ్చెను. ఆయన మొదట రసాయన శాస్త్రమున పట్టము పొంది, తరువాత వైద్యమభ్యసించినవాడు. ఆ తల్లి భాగ్యమేమో కాని, ఆమె ప్రశ్నకు కావలసిన రెండు విద్యలును ఒక్కనియందే కూడినవి. ఆయన బిడ్డలను పరీక్షించెను. క్రొత్తగా ఏమియు కనబడలేదు. మూత్రము తెప్పించి చక్కెర కొఱకు, మాంసకృత్తు కొఱకు చూచెను, అవి లేవు. కీటోనులున్నవేమో చూతమని ఫెరిక్ క్లోరైడు ద్రావణపు బొట్లు వేసెను. మధుమేహము ముదిరినవారి మూత్రమైనచో ఎఱ్ఱనగును. ఆరోగ్యవంతునిదైనచో ద్రావణపు గోధుమరంగే నిలుచును. ఈ బిడ్డల మూత్రము ముదురు పచ్చరంగునకు మాఱెను. కొలది నిముషములలో ఆ పచ్చదనము మాయమయ్యెను. అట్టి రంగును ఆయన అంతకుముందు చూడలేదు; పుస్తకములలో చదువలేదు.

తొందరపడి తీర్పు చెప్పెడివాడైనచో ఏదో మందు ప్రభావమని వదలియుండును. ఫోలింగ్ బిడ్డలకు ఏ మందును ఇయ్యకుండ కొన్నాళ్లు ఉంచుమని తల్లితో చెప్పెను. తరువాత తెచ్చినదియు పచ్చబడెను. ఇంక ఆ పదార్థమును వెలికి తీయవలెను. అది గాలి తగిలినచో చెడిపోవునది, మూత్రములో స్వల్పముగా నుండునది. ఆ తల్లి మాటిమాటికి మూత్రము మోసికొని వచ్చుచుండెను. సుమారు 20 లీటర్ల మూత్రమునుండి ఆయన దానిని శుద్ధమైన స్ఫటికములుగా వేఱుచేసెను.

అది యేమో తెలిసికొనుటకు ఆయన చేసిన పని గమనింపదగినది. దానిని విరుగగొట్టెను. ఆమ్లజనితో చేర్చి విరిచినపుడు చేదు బాదముపప్పు వాసనగల బెంజాల్డిహైడు పుట్టెను. బెంజోయిక్ ఆమ్లము పుట్టెను. అనగా దానిలో ఆఱు కర్బనముల వలయము కలదు. ఇంటి దూలమును బట్టి ఇల్లెట్టిదో చెప్పినట్లు, తునకలను బట్టి మొదటి పదార్థము ఫినైల్ పైరూవిక్ ఆమ్లమై యుండవలెనని ఊహించెను. ఆ ఆమ్లము కరగు ఉష్ణోగ్రతతో సరిచూడగా సరిపోయెను. ఫినైల్ అలనీనునుండి నత్రజనిని మాత్రము తీసివేసి ఆ స్థానమున ఆమ్లజనిని ఉంచినచో వచ్చునది అదియే. రాజమార్గము మూసికొనిపోయినపుడు బండ్లు గట్టుమీదుగా త్రోవ తీసినట్లు, దేహము గుట్టపడిన ఫినైల్ అలనీనును వేఱొక దారిని పంపుచుండెను. ఆ పెడదారిలో పుట్టు ఫినైల్ అసిటిక్ ఆమ్లమే ఆ తల్లి పసిగట్టిన వాసనకు మూలము. ఆమె రెండవ ప్రశ్నకు బదులు దొరకినప్పుడే మొదటి ప్రశ్నకును దొరకెను. రెండును ఒకే ప్రశ్న.

పిమ్మట ఫోలింగ్ మందబుద్ధుల ఆశ్రమములలోని 430 మంది మూత్రమును పరీక్షించెను. మఱి ఎనమండుగురిది పచ్చబడెను. అప్పటివఱకు బుద్ధిమాంద్యమును విధి వ్రాతగనో, పూర్వజన్మ ఫలముగనో, వంశమునకు మచ్చగనో ఎంచుచుండిరి. అందులో ఒక భాగమునకు గాజుగొట్టములో చూపదగిన రసాయన కారణము కలదని లోకమునకు తెలిసినది అదియే మొదటిసారి. ఈ వ్యాధికి ఫినైల్ కీటోన్యూరియా అని పేరు స్థిరపడినది. దస్త్రము నిలిచిపోయిన బల్ల యేదో అమెరికాలోని జార్జి జెర్విస్ తేల్చెను. ఫినైల్ అలనీనునకు ఆమ్లజనిని తగిలించు మొదటి మెట్టే తెగినదని 1947 లోను, రోగుల కాలేయమున ఆ ఎంజైము పనిచేయుట లేదని 1953 లోను ఆయన చూపెను.

గుట్టపడినది, ఖాళీపడినది, రెండింటి ఫలితమును ఆ బిడ్డలయందు చూడవచ్చును. ఆరోగ్యవంతుని రక్తమున 100 మిల్లీలీటర్లకు ఫినైల్ అలనీను 1 లేక 2 మిల్లీగ్రాములుండును; వీరియందు 20 మిల్లీగ్రాములను మించును. రక్తమునుండి మెదడునకు పోవు ద్వారములు పలు అమైనో ఆమ్లములకు ఉమ్మడివి. ఒక్కటియే గుంపుగా త్రోసికొని పోవుటచేత తక్కినవానికి త్రోవ చిక్కదు. ఎదుగుచున్న మెదడు చెడును. ఇక తరువాతి బల్లయైన టైరోసీను కొఱవడును. వెండ్రుకలకు, కండ్లకు నలుపునిచ్చు రంగు టైరోసీనునుండి పుట్టవలసినది. కావుననే వీరి జుట్టు తోబుట్టువుల జుట్టుకంటె లేతరంగుగా నుండును. పుట్టిననాడు మాత్రము ఏ లోపమును కనబడదు. గర్భమున నున్నంతకాలము తల్లి కాలేయమే బిడ్డ లెక్కను గూడ చెల్లుబెట్టుచుండును. బొడ్డు కోసిననాటినుండి బిడ్డ పద్దు వేఱగును. మొదటి పాలతోనే బాకీ మొదలగును.

ప్రఖ్యాత నవలాకర్త్రి, 1938 లో నోబెలు బహుమానము పొందిన పెర్ల్ బక్ కుమార్తెయు ఈ వ్యాధి పాలబడినదే. ఆ బిడ్డ 1920 లో చైనాదేశమున పుట్టెను. ఎదుగని తన బిడ్డను గూర్చి తల్లి 1950 లో పుస్తకము వ్రాసిన నాటికిని ఆమెకు కారణము తెలియదు. పేరు తెలిసినది తరువాత.

కారణము తెలిసినంత మాత్రమున బిడ్డ లేచి కూర్చుండదు. ఈ సంగతిని ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ నగరమున ఇంకొక తల్లి సూటిగా చెప్పెను. ఆమె బిడ్డకు రెండేండ్లు. నిలువలేదు, నడువలేదు, దేనిమీదను దృష్టి పెట్టదు. ఏడ్చుచు, తల కొట్టుకొనుచు పడియుండును. పిల్లల ఆసుపత్రిలో హోర్స్ట్ బికెల్ అను యువవైద్యుడు కాగితముపై అమైనో ఆమ్లముల మరకలను విడదీసి వ్యాధిని నిశ్చయించి, ఆ కాగితమును సంతోషముతో ఆమెకు చూపెను. ఆమె దానిని మెచ్చుకొనలేదు. ప్రతి ఉదయమును ప్రయోగశాల వాకిట నిలిచి, నా బిడ్డకు సహాయమేమి కనుగొంటిరని అడుగుచుండెను. లేదనిపించుకొనుటకు ఒప్పుకొనలేదు. శాస్త్రచరిత్రలో ఈ రెండవ తల్లికి మొదటి తల్లితో సమానమైన పీట వేయవలెను.

పనివాడు లేనిచో పని తగ్గింపవలెను. అనగా తిండిలో ఫినైల్ అలనీను తగ్గింపవలెను. చెప్పుట సులభము. మాంసకృత్తు గల ప్రతి ఆహారమునందును అది కలదు. 100 గ్రాముల మాంసకృత్తున 5 గ్రాముల ప్రాంతమున నుండును. మాంసకృత్తులు లేక బిడ్డ పెరుగదు. బికెల్, జాన్ జెరార్డ్, రసాయనజ్ఞురాలు ఈవ్లిన్ హిక్మన్స్ కలిసి, లండనులోని లూయీ వూల్ఫ్ సూచించిన యొక ఉపాయమును పట్టుకొనిరి. పాలవిరుగుడునందలి మాంసకృత్తును ఆమ్లముతో ముందే పూసలుగా విడగొట్టుదురు. ఆ ద్రవమును బొగ్గుపొడిగుండ వడియగట్టుదురు. వలయముగల పూసలను బొగ్గు పట్టుకొనును, తక్కినవి దిగిపోవును. బొగ్గు పట్టుకొన్నవానిలో టైరోసీను, ట్రిప్టోఫాను బిడ్డకు కావలసినవే కనుక వానిని మరల కలుపుదురు. ఫినైల్ అలనీను మాత్రము బొగ్గులోనే నిలిచిపోవును. దేహము చేయలేని విరుపులో ఒక భాగమును దేహము వెలుపల సీసాలలో చేసిరన్నమాట.

మొదట ఆ పదార్థము పూర్తిగా లేని ఆహారమే పెట్టిరి. రక్తములోని బాకీ తగ్గెను, మూత్రమున పచ్చరంగు పోయెను. కాని బిడ్డ చిక్కిపోయెను. ఫినైల్ అలనీను విషము కాదు కదా. దేహము కట్టుకొనుటకు అదియు ఒక పూస. బొత్తిగా రాకపోవుటచే దేహము తన కండనే కరగించుకొనెను. అప్పుడు కొలిచి కొలిచి కొంచెము పాలు చేర్చిరి. కొన్ని నెలలలో బిడ్డ ప్రాకెను, నిలిచెను, కన్నులలో వెలుగు వచ్చెను, జుట్టు నల్లబడెను, తల కొట్టుకొనుట మానెను.

ఇది ఆహారము వలననే కలిగినదా, వయసు వలన కలిగినదా? నిర్ణయించుటకు వైద్యులు తల్లికి చెప్పకుండ ఆ ఆహారములో దినమునకు 5 గ్రాముల ఫినైల్ అలనీను కలిపిరి. నెలలతరబడి సాధించినదంతయు కొలది దినములలో పోయెను. తల్లి పరుగెత్తుకొని వచ్చెను. చెప్పకుండ చేసిన యా పని నేటి న్యాయమునకు నిలువదు. నాటి న్యాయమునకును నిలువరాదు. తరువాత ఆమె సమ్మతితో, ఆసుపత్రిలో అందఱి యెదుట పరీక్షను మరల జరిపి చలనచిత్రము తీసిరి. 1953 లో లాన్సెట్ పత్రికలో సమాచారము వెలువడెను. బుద్ధిని చెఱచు పుట్టుకదోషమును ఆహారముచేత అదుపులో పెట్టవచ్చునని రుజువయ్యెను.

అయితే ఒకసారి చెడిన మెదడు పూర్తిగా తిరిగి రాదు. మేలు సంపూర్ణముగా కలుగవలెనన్నచో పుట్టిన కొలది దినములలోనే ఆహారము మార్చవలెను. ఓస్లోలోని బాలుడు ఆఱేండ్లకే చనిపోయెను. వాని అక్క పెద్దదయ్యెను గాని, తుదివఱకు ఒకరు చూచుకొనవలసినదే. వారి మూత్రముననే దొరకిన జ్ఞానము వారికి అక్కఱకు రాలేదు.

పుట్టిన ప్రతి బిడ్డను లక్షణములు కనబడకమునుపే పరీక్షించుట ఎట్లు? దీనికి త్రోవ చూపినవాడు అమెరికాలోని బఫెలో నగరపు రాబర్ట్ గత్రీ. ఆయన బంధువులలో ఈ వ్యాధిగల బాలిక యొకతె ఉండెను. ఆయన కొడుకును మఱియొక కారణమున బుద్ధిమాంద్యము గలవాడే. ఆయన పద్ధతి పేదవాని పద్ధతి. శిశువు మడమనుండి ఒక బొట్టు నెత్తురు తీసి మందపాటి కాగితముపై ఆరనిత్తురు. ఆ మచ్చనుండి చిన్న బిళ్లను కత్తిరించి, సూక్ష్మజీవులు గల జిగురుపై ఉంచుదురు. ఆ జిగురులో ఆ జీవుల పెంపు నాపు మందు కలదు. నెత్తుటిలో ఫినైల్ అలనీను మితిమీరి యున్నచో ఆ మందు పని చెడి, బిళ్ల చుట్టును సూక్ష్మజీవులు పెరిగి మసకవలయము కట్టును. లేనిచో జిగురు నిర్మలముగా నుండును. ఆరిన కాగితమును తపాలాలో పంపవచ్చును. ఖర్చు స్వల్పము. 1963 లో ఈ పద్ధతి ప్రకటితమయ్యెను. అదే సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రతి శిశువునకును ఈ పరీక్ష చేయవలెనని చట్టము వచ్చెను. ఐరోపాలో సుమారు 10,000 జననములకు ఒకటి చొప్పున కనబడు ఈ వ్యాధిగల బిడ్డలు అక్కడ నేడు అందఱివలె చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వారి పథ్యము పసితనముతో తీరునది కాదు. చిన్ననాడు పథ్యముచే బాగుపడి, పెద్దయైన పిదప దానిని విడిచిన స్త్రీలు గర్భవతులైనప్పుడు, వారి రక్తములోని బాకీ కడుపులోని బిడ్డను చెఱచుట కనబడెను. కావున జీవితాంతము పథ్యమే మేలని నేటి వైద్యుల మతము.

ఆ పథ్యము తెలుగింటి వంటగదిలో ఎట్లుండునో ఊహించిన బాగుగా బోధపడును. పప్పు లేదు, పెరుగు లేదు, గ్రుడ్డు లేదు, మాంసము లేదు. వేరుసెనగపచ్చడి లేదు. అన్నము సైతము తూచి పెట్టవలెను. నెయ్యి, నూనె, బెల్లము, సగ్గుబియ్యము, చాలవఱకు పండ్లు మేలు. మాంసకృత్తులకు బదులుగా విరిచి వడియగట్టిన ఆ మందుపొడి. పండుగనాడు పప్పు బూరెలు అందఱును తినుచుండగా ఒక బిడ్డను ఆపవలసిన తల్లి కష్టము చిన్నది కాదు.

ఇక గారడ్ చెప్పిన రక్తసంబంధపు మాట. ప్రతివారికిని ఒక్కొక్క ఎంజైమును గూర్చిన వ్రాతప్రతులు రెండు వచ్చును, తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి. ఒక ప్రతి చెదలు తిన్నను రెండవదానితో పని జరుగును. అట్టివాడు నిండు ఆరోగ్యముతో నూఱేండ్లు బ్రతుకవచ్చును. తనయొద్ద చెడిన ప్రతి యున్న సంగతియే అతనికి తెలియదు. అట్టి ఇద్దఱు పెండ్లాడినచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు బిడ్డకు రెండు ప్రతులును చెడినవే రావచ్చును. తాతలనాటి యొకే చెడిన ప్రతి ఇరువైపుల దిగివచ్చు అవకాశము మేనరికమున హెచ్చు. మేనమామ మేనకోడలి పెండ్లియందు మఱింత హెచ్చు. మేనరికము వ్యాధిని పుట్టించునని దీని యర్థము కాదు. ఇంట చెడిన ప్రతి లేనిచో మేనరికమున బిడ్డలు చక్కగనే పుట్టుదురు; తరతరములుగా పుట్టుచునే యున్నారు. కాని ఒక కాన్పున అకారణముగా మందబుద్ధియో మూర్ఛయో గల బిడ్డ కలిగిన యింట మరల మేనరికము చేయబోవుటకు ముందు వైద్యుని సంప్రదింపకపోవుట తప్పు. ఆ బిడ్డను కన్న తల్లిని నిందించుట అంతకంటె పెద్ద తప్పు. చెడిన ప్రతులు రెండు కావలెను. అందు ఒకటి తండ్రిదే.

ఫినైల్ కీటోన్యూరియా మన దేశమున అరుదు. దాని దాయాదులు మాత్రము అంత అరుదు కావు. హైదరాబాదునందలి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,000 మందికి పైగా శిశువుల రక్తపు బొట్లను పరీక్షించి 2004 లో ప్రకటించిన లెక్క యొకటి కలదు. అందు సుమారు వేయిమందికొకరియందు ఇట్టి యేదో యొక పుట్టుకదోషము కనబడెను. వానిలో పెక్కింటికి వేళకు తెలిసినచో చికిత్స కలదు. గత్రీ సూక్ష్మజీవుల స్థానమున నేడు యంత్రములు వచ్చినవి. ఒక్క బొట్టునుండియే పలు అమైనో ఆమ్లములను ఒక్కసారిగా కొలుచుచున్నవి. 2018 లో అమెరికాలో ఒక క్రొత్త మందునకు అనుమతి వచ్చెను. అది సూదిగా ఎక్కించు ఎంజైము. దేహమునకు తెలియని వేఱొక త్రోవను ఫినైల్ అలనీనును విరుగగొట్టును. నాడు ఆ యనుమతి పెద్దలకు మాత్రమే, వెలయు హెచ్చే. మడమనుండి తీయు నెత్తుటిబొట్టు మాత్రము 1963 లో నున్నట్లే నేడును కాగితముపై ఆరుచున్నది.

తీపి కొఱకు చక్కెరకు మారుగా వాడు ఆస్పార్టేము అను పదార్థమునందు ఫినైల్ అలనీను ఒక భాగము. దానిని కలిపిన బిళ్లల డబ్బాలపైనను, కొన్ని శీతలపానీయపు సీసాలపైనను, ఫినైల్ కీటోన్యూరియా కలవారు దీనిని వాడరాదని చిన్న అక్షరములతో అచ్చువేసియుండును. ఆ పంక్తిని చదివి, ఎవరి కొఱకు వ్రాసిరో తెలియక పక్కన పెట్టినవారు ఈ సభలో కొందఱుందురు. అది ఓస్లోలోని ఆ యిద్దఱు బిడ్డల వంటివారి కొఱకు వ్రాసినది.